క్యాంపులు తిరిగే రన్నర్లకి రబ్బరు బ్యాండ్లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు మధ్య క్యాంపులు తిరిగే ఉద్యోగంలో ఉంటూ పరుగు అలవాటు చేసుకున్నవాళ్లకి పిక్కో చీలమండో పట్టేస్తే ముందు ఆగిపోయేది ఫిజియో చెప్పిన వ్యాయామాలు. ఇంట్లో సక్రమంగా సాగుతాయి, లాడ్జికి చేరేసరికి మూలపడతాయి. వారం పోయాక నొప్పి తగ్గిందనుకుని మైపాడు బీచిలోనో స్టేడియం గ్రౌండులోనో పరుగెత్తితే మళ్లీ అక్కడే పట్టేస్తుంది. ఇలాంటివాళ్ల కోసం ట్రావెల్ కిట్ అని అమ్ముతున్న సెట్లలో సాధారణంగా ఉండేవి ఐదు: వెడల్పాటి రబ్బరు పట్టీ, గుండ్రటి లూపులు, హ్యాండిల్ ఉన్న ట్యూబులు, తలుపుకి తగిలించే యాంకర్, ముళ్ల బంతి. మా లెక్కలో మొదటి రెండూ డబ్బుకి తగ్గవి. మిగతా మూడూ సంచిలో బరువు. ఈ సెట్టుతో తీరని పని కూడా ఒకటుంది, అది పిక్క బలం.

ముందు వెడల్పాటి పట్టీ సంగతి. రంగుని చూసి కొనడం దగ్గరే చాలామంది పొరపడతారు. థెరాబ్యాండ్ కంపెనీ లెక్కలో పట్టీని రెట్టింపు పొడవుకి లాగినప్పుడు ఎరుపు 1.7 కిలోలు, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోల బలం అడుగుతాయి. వేరే కంపెనీలు ఇదే వరస పాటించాలని రూలేమీ లేదు. ఒకరి ఎరుపు ఇంకొకరి నలుపంత గట్టిగా ఉండొచ్చు. అందుకే కొన్నాక ఒక్కసారి కొలవండి. పట్టీ మీద పెన్నుతో 50 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, ఒక గీత దగ్గర లగేజీ తూచే కొక్కెం త్రాసు తగిలించి, గీతల మధ్య దూరం మీటరు అయ్యేదాకా లాగితే త్రాసు చూపించే అంకే దాని అసలు బలం. చీలమండ బెణికి కోలుకుంటున్నవాళ్లు రెండు కిలోల దగ్గర మొదలుపెట్టి, 15 సార్లు చొప్పున మూడు సెట్లు సులువుగా అవుతున్నప్పుడు పై రంగుకి వెళ్లాలి.

పొడవు మీటరున్నరకి తగ్గితే తీసుకోకండి. పట్టీ బలం ఎన్ని సెంటీమీటర్లు లాగామన్న దాన్ని బట్టి ఉండదు, అసలు పొడవుకి ఎన్ని రెట్లు సాగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కురచ పట్టీ కొద్దిగా కదిపితేనే బిగుసుకుపోతుంది, కాలు పూర్తిగా తిరగదు. నెల్లూరు పొగతోట లాంటి ఆస్పత్రుల వీధుల్లో సర్జికల్ షాపులుంటాయి. రోల్ ఉంటే రెండు మీటర్లు కోసిమ్మని అడగండి. రంగురంగుల పెట్టెలో వచ్చే సెట్టు కన్నా అదే మేలు.

వాడే తీరు చూద్దాం. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, పట్టీని బాగున్న పాదం కింద నుంచి తెచ్చి, దెబ్బ తగిలిన పాదానికి చిటికెనవేలి మొదలు దగ్గర చుట్టాలి. పాదాన్ని రెండు సెకన్లలో బయటికి తిప్పి, నాలుగు సెకన్లలో నిదానంగా వెనక్కి తేవాలి. వెనక్కి వచ్చేటప్పుడు పట్టీ లాక్కుపోతోందంటే రంగు ఎక్కువైనట్టు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు పాదంతో పాటు మోకాలు కూడా తిరిగిపోవడం. చూడ్డానికి కదలిక బ్రహ్మాండంగా ఉంటుంది, చీలమండ పక్కనున్న కండరానికి మాత్రం పని పడదు. చేత్తో మోకాలిని నొక్కి పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. సాక్సు వేసుకుని చేయండి, చెమట పట్టిన చర్మానికి రబ్బరు అతుక్కుని జారుతుంది.

లూపుల్లో పల్చటి రబ్బరువి వద్దు, గుడ్డతో నేసినవి తీసుకోండి. రబ్బరు లూపు తొడ మీద చుట్టుకుపోయి తాడులా కోసుకుంటుంది, వెంట్రుకలు పీకుతుంది. గుడ్డ లూపు కదలదు, కాకపోతే ఉతికితే ఆరడానికి టైము పడుతుంది. మోకాలి పైన వేసుకుని, మోకాళ్లు కొద్దిగా వంచి, పక్కకి అడుగులు వేయడమే వ్యాయామం. మంచానికీ గోడకీ మధ్య రెండు మీటర్ల సందు చాలు, అటు నాలుగు ఇటు నాలుగు. పాదాలు ముందుకే చూడాలి, నడుము ఊగకూడదు, వెనక కాలిని ఈడ్చకూడదు. చీలమండల దగ్గర వేస్తే పని పెరుగుతుంది. మోకాలి బయటివైపు నొప్పి ఉన్నవాళ్లు, అంటే ఐటీ బ్యాండ్ (తొడ బయటివైపు నుంచి మోకాలి దాకా ఉండే పట్టీలాంటి కణజాలం) బాధితులు, మోకాలి పైనే ఉంచుకుంటే మంచిది.

ఇక బ్యాండ్లతో కాని పని. పరిగెత్తేటప్పుడు పిక్కని మడమకి కలిపే అకిలిస్ టెండన్ మీద పడే లాగుడు శరీర బరువుకి ఆరు రెట్లు దాటుతుంది. డెబ్బై కిలోల మనిషి పిక్కని మూడు కిలోల పట్టీతో సిద్ధం చేస్తానంటే అయ్యే పనికాదు. పట్టీని పాదానికి చుట్టి కిందికి తొక్కడం మొదటి వారానికి సరిపోతుంది, ఆ తర్వాత మెట్టు ఎక్కాల్సిందే. స్వీడన్‌లో అల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ చాలామంది ఫిజియోలకి ఆధారం. మెట్టు అంచున ముందు పాదం ఆనించి, మంచి కాలితో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మడమని నిదానంగా కిందికి దించాలి. మోకాలు చాచి 15 చొప్పున మూడు సెట్లు, వంచి మరో మూడు, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. అంటే రోజుకి 180 సార్లు. ఒంటి బరువు సులువైపోతే వీపు సంచిలో నీళ్ల సీసాలు పెట్టుకుని బరువు పెంచాలి. నొప్పి మడమ ఎముకకి అతుక్కునే చోట ఉన్నవాళ్లు మాత్రం మడమని మెట్టు కిందికి దించకూడదు, చదును నేల మీదే చేయాలి. కిందికి దించితే టెండన్ ఎముకకి నొక్కుకుని బాధ పెరుగుతుంది.

దీనికి లాడ్జి మెట్లు చాలు, కానీ చూసుకోవాలి. గ్రానైట్ గనులున్న చీమకుర్తి పక్కనే ఉన్న ప్రాంతం కాబట్టి ఇక్కడ ఎక్కడ చూసినా పాలిష్ గ్రానైట్ మెట్లే. పొద్దున్నే తడిగుడ్డ పెట్టాక వాటి అంచు మీద వట్టి పాదం నిలవదు. బూట్లు వేసుకుని, అన్నిటికన్నా కింది మెట్టు మీద, రెయిలింగు పట్టుకుని చేయండి. నొప్పి 0 నుంచి 10 లెక్కలో 5 దాటకుండా, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేస్తే బరువు సరిగ్గా ఉన్నట్టు. పొద్దున మంచం దిగిన మొదటి అడుగుల్లో బిగుతు ముందురోజు కన్నా ఎక్కువైతే బరువు కాస్త తగ్గించండి.

పరుగు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఎనిమిది సార్లు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో గంటల తరబడి కూర్చుని దిగిన సాయంత్రం ఆ ఎనిమిదీ వద్దు, పావుగంట నడక చాలు. అకిలిస్ బాధ ఉన్నవాళ్లకి మైపాడు, కొత్తపట్నం బీచిల్లో మెత్తటి ఇసుక పనికిరాదు, మడమ లోపలికి దిగబడి పిక్క మీద లాగుడు పెరుగుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకి దూరం పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది కాబట్టి కొద్ది దూరానికోసారి వెనక్కి తిరగాలి. రోహిణి కార్తెలో అయితే సూర్యుడు రాకముందే ముగించేయండి.

పిక్క ఒకటే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే అందులోనూ సుదూర ప్రయాణం తర్వాత అయితే, అది కండరం పట్టేయడమేనని బ్యాండుతో వ్యాయామం మొదలుపెట్టకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒక్క వేలు పట్టేంత చోట నొప్పి ఉండి, ఒంటికాలిమీద గెంతితే ఎక్కువైనా డాక్టరుకి చూపించాకే ఏ వ్యాయామమైనా.

సెట్టులో మిగతా మూడింటి గురించి క్లుప్తంగా. హ్యాండిల్ ట్యూబులు చేతులకి, భుజాలకి బాగుంటాయి, పాదానికి చుడితే నిలవవు. యాంకర్ తలుపు అవతలివైపు ఉండి, మీరు లాగే లాగుడుకి తలుపు ఇంకా గట్టిగా మూసుకునేట్టు ఉంటేనే భద్రం. లాడ్జి బాత్రూముల పల్చటి తలుపులకి అసలు తగిలించొద్దు. ముళ్ల బంతి బదులు పాత టెన్నిస్ బంతి, లేదా కూల్‌డ్రింక్ షాపులో గడ్డకట్టించిన అరలీటరు నీళ్ల సీసా అరికాలి కింద దొర్లించుకోవచ్చు.

కొన్నాక కాపాడుకోవడం ముఖ్యం. లేటెక్స్‌కి కొబ్బరినూనె, నొప్పి ఆయింట్‌మెంటు, ఎండ మూడూ పడవు. నూనె రాసిన కాలికి కడితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే జిగటగా మారి అతుక్కుపోతుంది. చెమట పట్టిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా పౌడరు చల్లి వదులుగా చుట్టి పెట్టండి. ఇనప మంచం కాలికి కట్టేముందు అక్కడ తువ్వాలు చుట్టాలి, అంచు గీసుకుంటే సన్నటి చీలిక పడుతుంది. లాగేముందు వెలుతురుకి ఎత్తి చూస్తే చీలిక కనిపిస్తుంది. అది తెగి మొహానికి కొడితే కంటికే ప్రమాదం, ముడి వేసి సరిపెట్టకండి. చీలిక చివర్లో ఉంటే అక్కడికి కోసేయండి, మధ్యలో ఉంటే కొత్తది కొనండి. లేటెక్స్ పడక చర్మం దద్దురెక్కేవాళ్లు షాపులో లేటెక్స్ లేని పట్టీ అని ముందే చెప్పి తీసుకోవాలి.