పనామా కాలువ క్రూజ్: ‘కెనాల్ సైడ్ క్యాబిన్’ పేరుతో అదనంగా డబ్బు కట్టకండి

కర్నూలు, నంద్యాల, అనంతపురం వాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు పనామా కాలువ క్రూజ్ ప్యాకేజీలు ఇప్పుడు మన ఊళ్లలోనే అమ్ముతున్నారు. ఫ్లోరిడాలో ఓడ ఎక్కించి, కాలువ చూపించి తీసుకొస్తామంటారు. అంతవరకు బాగానే ఉంది. ‘‘కెనాల్ సైడ్ గది ఇప్పిస్తాం సార్, అమ్మావాళ్లు మంచం మీంచే చూడొచ్చు’’ అని మనిషికి ఇంత చొప్పున పైన గుంజుతున్నారు చూడండి, మోసమంతా అక్కడ ఉంది. కర్నూలులో అలా కట్టి వెళ్లిన పెద్దవాళ్లకు చివరికి దొరికింది లైఫ్‌బోటు వెనక గది. కర్టెన్ తీస్తే నారింజ రంగు పడవ కప్పు, దాన్ని పట్టుకున్న ఇనుప చట్రం. సందులోంచి జానెడు ఆకాశం. అంతే.

అసలు కెనాల్ సైడ్ అనేదే లేదు. కాలువకు రెండు గట్లు, ఓడ నడిమధ్యన పోతుంది. కె.సి. కెనాల్ (కర్నూలు–కడప కాలువ) పక్కన పెరిగినవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. (ఆ కాలువ కూడా 19వ శతాబ్దంలో సాగునీటికే కాదు, పడవల రాకపోకలకూ కలిపి తవ్విందే.) పైగా పనామా పాత లాకుల్లో (నీళ్లు నింపి, వదిలి ఓడను ఎత్తే, దించే గదుల్లో) పక్కపక్కనే రెండు దారులుంటాయి. ఏ ఓడ ఏ దారిన పోవాలో కాలువ అధికారులు చూసుకుంటారు. మీ బాల్కనీకి ఎదురుగా పక్క దారిలోని ఇంకో ఓడ వస్తుందో, గట్టు మీది పచ్చిక వస్తుందో ఆరు నెలల ముందు కర్నూలులో కూర్చుని ఎవరూ మాటివ్వలేరు.

గది సంగతి ఎత్తే ముందు ఏజెంటును అడగాల్సింది: ఓడ కాలువను పూర్తిగా దాటుతుందా, సగం వెళ్లి తిరిగొస్తుందా? పూర్తిగా దాటే ఓడ అట్లాంటిక్ వైపున గటూన్ లాకుల్లో మూడు మెట్లెక్కి, సముద్ర మట్టానికి 26 మీటర్ల ఎత్తున ఉన్న గటూన్ సరస్సులోకి చేరుతుంది. అక్కడి నుంచి కొండను కోసి తవ్విన కులెబ్రా కట్ దాటి, పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దిగి పసిఫిక్‌లో కలుస్తుంది. మొత్తం 80 కిలోమీటర్ల పైచిలుకు, ఎనిమిది నుంచి పది గంటల ప్రయాణం. ‘పార్షియల్ ట్రాన్సిట్’ అని రాసి ఉంటే మాత్రం ఓడ సరస్సు దాకా ఎక్కి, అక్కడే తిరిగి, వచ్చిన దారినే దిగిపోతుంది. కులెబ్రా కట్ గానీ, మిరాఫ్లోరెస్ గానీ, చివర్లో వచ్చే బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్ గానీ ఓడ మీంచి కనిపించవు. ఫ్లోరిడాలో ఎక్కి ఫ్లోరిడాలోనే దిగే ప్యాకేజీ అయితే చాలావరకు ఇదే. ఓడ సరస్సులోకి ఎక్కేటప్పుడు ఒక పక్క, తిరిగి దిగేటప్పుడు రెండో పక్క ఎలాగూ చూస్తారు కాబట్టి ఇందులో ‘ఈ సైడ్ మంచిది’ అని డబ్బు తీసుకోవడం మరీ అన్యాయం.

తర్వాత అడగాల్సింది పాత లాకులా, కొత్త లాకులా అని. ఇది ఓడ వెడల్పును బట్టి ఉంటుంది. 1914 నాటి పాత లాకు గది వెడల్పు 33.5 మీటర్లు. 32 మీటర్ల ఓడ అందులో దూరితే అటూ ఇటూ మిగిలేది మూరన్నరకు కాస్త ఎక్కువ. కింది డెక్కు (ఓడ అంతస్తు) కిటికీ ముందు తడిసిన కాంక్రీటు గోడ చెయ్యి చాస్తే అందేటట్టు నిలబడుతుంది. నీళ్లు నిండే కొద్దీ ఆ గోడ కిందికి జారుతుంది, చివరికి అంచు, దాని మీద పట్టాలు, తీగలతో ఓడను పట్టి నడిపించే చిన్న కరెంటు ఇంజన్లు తేలతాయి. యంత్రాల మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది కన్నుల పండగే. ‘గోడ చూడటానికా ఇంత డబ్బు’ అనుకునేవాళ్లు కింది డెక్కులు తీసుకోకూడదు. 2016లో తెరిచిన కొత్త లాకులు 55 మీటర్ల వెడల్పు. పెద్ద ఓడలు అందులోనే పడతాయి. అక్కడ గోడ దూరంగా ఉంటుంది, ఇంజన్లు ఉండవు, ముందూ వెనకా టగ్ బోట్లు ఉంటాయి. బ్రోచర్‌లో పాత లాకుల ఫోటో వేసి కొత్త లాకుల్లో పోయే ఓడ అమ్ముతుంటే అక్కడే నిలదీయండి.

‘గ్యారంటీ క్యాబిన్’ అనే మాట దగ్గర మనవాళ్లు ఎక్కువగా పడిపోతున్నారు. అది వినగానే మంచి గది ఖాయమైందని అనుకుంటాం. నిజానికి ఆ టికెట్‌లో ఖాయమయ్యేది గది రకం ఒక్కటే. డెక్కు, సైడు, గది నంబరు అన్నీ ఓడ కంపెనీ ఇష్టం, అదీ చివర్లో కేటాయిస్తారు. అందుకే అది చవక. ఏజెంటు ఆ చవక టికెట్ కొని మనకు ‘కెనాల్ సైడ్’ ధరకు అమ్మితే తేడా ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పాలా? కన్ఫర్మేషన్‌లో గది నంబరు ఉండాల్సిన చోట ‘జీటీవై’ అని ఉంటే ఇదే. ‘ఆబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని ఉంటే కిటికీకి ఏదో అడ్డం ఉన్నట్టు, చాలాసార్లు లైఫ్‌బోటే. వాటి వరుసకు సరిగ్గా పైన ఉన్న డెక్కు కూడా చూసుకోవాలి. దూరం బాగానే కనిపిస్తుంది కానీ కిందికి చూస్తే పడవల వీపులే.

పెద్దవాళ్లకు ఏ గది అని అడిగితే మా మాట ఇది. కాలువ ఒక్క రోజే. పార్షియల్ అయితే దాదాపు పది రోజులు, పూర్తిది అయితే రెండు వారాలో ఇంకా ఎక్కువో ఓడలో పడుకోవాలి. కాబట్టి గదిని నిద్ర కోసం ఎంచుకోండి, కాలువను పై డెక్కుల నుంచి చూడండి. ఆ రోజు చాలా ఓడల్లో ముందు భాగం ప్రయాణికులకు తెరుస్తారు, రెండు గట్లూ ఒకేసారి అక్కడే కనిపిస్తాయి. తెల్లవారుజామునే చోటు పట్టుకోవాలి. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు మాత్రం బాల్కనీ నిజంగా అక్కర. ఓడ పొడవులో మధ్యన, ఎత్తులో మధ్య డెక్కుల్లో, లిఫ్టుకు నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి. చలికాలంలో కరీబియన్ సముద్రంలో గాలులు గట్టిగా ఉంటాయి, ముక్కు దగ్గరి గదులు బాగా ఊగుతాయి. ఇక పైనా కిందా కూడా గదులే ఉన్న డెక్కు చూడండి. పైన స్విమ్మింగ్ పూల్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడుస్తారు, వంటశాల ఉంటే బండ్ల చప్పుడు, కింద థియేటర్ ఉంటే రాత్రి డ్రమ్ముల మోత. పక్క గదికి మధ్య తలుపున్న క్యాబిన్ అయితే అవతలివాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బాత్‌టబ్ గది వద్దు, షవర్ గది అడగండి.

ఎండ లెక్క కూడా ఉంది. అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోయేటప్పుడు ఓడ ఆగ్నేయం వైపు సాగుతుంది. ముక్కు వైపు తిరిగి నిలబడితే పొద్దున ఎండ ఎడమ బాల్కనీకి, మధ్యాహ్నం తర్వాత కుడి బాల్కనీకి కొడుతుంది. ఎదురు దిశలో వచ్చే ఓడకు ఎడమ కుడి మారిపోతాయి. మనది పొడి ఎండ, అక్కడిది ఉక్కపోత. బీపీ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

డబ్బు కట్టే ముందు ఓడ పేరు, బయలుదేరే తేదీ, కేటగిరీ కోడ్ (గది రకాన్ని చెప్పేది), గది నంబరు నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు. కంపెనీ సైట్‌లో ఆ ఓడ డెక్ ప్లాన్ తెరిచి నంబరు వెతకండి. చాలా ఓడల్లో నంబరు మొదటి అంకెలు డెక్కును చెబుతాయి. సరి, బేసిని బట్టి ఏ పక్కదో తెలుస్తుంది, ఇది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ప్లాన్‌లోనే చూసుకోవాలి. గది పక్కన చిన్న గుర్తు ఉంటే దాని అర్థం అడుగున చదవండి. అడ్డం ఉన్న గదులు, మధ్య తలుపు ఉన్నవి అక్కడే తెలుస్తాయి. అడ్వాన్సు కట్టగానే బుకింగ్ నంబరు అడిగి, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరు కొట్టి, మీరే లాగిన్ అయి చూడండి. ‘‘నంబరు తర్వాత ఇస్తాం’’ అంటే మిగతా డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి. బయలుదేరడానికి మూడు నెలలో అంతకు ముందో పూర్తి డబ్బు కట్టాల్సి వస్తుంది. ఆ గడువు దాటితే రద్దు చేసుకున్నా కోతే. టీసీఎస్ (ఏజెంటు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అని తీసుకున్న మొత్తం కట్టినవాళ్ల పాన్ మీద ఆదాయపు పన్ను లెక్కల్లో కనిపించాలి. ఆ త్రైమాసికం లెక్కలు దాఖలయ్యాక కూడా కనపడకపోతే గట్టిగా అడగండి.

ఇప్పటికే మోసపోయి ఓడ ఎక్కినవాళ్లు మొదటి రోజే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో గది మార్చమని అడగాలి. ఓడ నిండిపోయి ఉంటే కుదరదు. అప్పుడు తలుపు మీది నంబరు, లోపలి నుంచి కిటికీ కలిపి వీడియో తీసుకోండి. ఏజెంటు చాట్, బ్రోచర్, రసీదులు ఒక్కటీ చెరపొద్దు. తిరిగొచ్చాక ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే, కట్టింది 50 లక్షల లోపే కాబట్టి మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. ఏజెంటు ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు ఉండే జిల్లా చాలు. కట్టింది 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.