జాగ్రత్త: క్లినికల్ సైకాలజీ డాక్టరేట్ పేరుతో బందరు రోడ్డులో నేను పోగొట్టుకున్న 3,40,000

డబ్బు కట్టి మోసపోయినదాన్ని రాస్తున్నాను కాబట్టి మాట కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సైకాలజీలో పీజీ అయిపోయి "తర్వాతేంటి?" అని చూస్తున్న పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం రాస్తున్నా. అడ్మిషన్ల సీజన్ వస్తే మళ్లీ అవే ఫోన్లు మొదలవుతాయి.

మాది సత్యనారాయణపురం. ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు కౌన్సెలర్‌గా చేశాను. పరీక్షల ముందు నిద్ర పట్టని పిల్లలు, ఫోను లాక్కుంటే గోడకి తల బాదుకునే పిల్లలు. కొన్నాళ్లకి నాకున్న చదువు చాలట్లేదని తెలిసిపోయింది. ఒక పిల్లాడికి ఐక్యూ పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వాలన్నా సూర్యారావుపేటలో ఎవరో ఒకరి దగ్గరికి పంపాల్సిందే. నేనే క్లినికల్ సైకాలజిస్టునైతే బాగుండు కదా అనుకున్నాను. ఆ ఆశ పట్టుకుని 2024 మే నెలలో బందరు రోడ్డు మీద ఒక కన్సల్టెన్సీ మెట్లెక్కాను.

ఏసీ గది. గోడ నిండా ఫ్రేములు. ఒకటి ఐఎస్ఓ సర్టిఫికెట్, ఒకటి ఉత్తరాదిలోని ఏదో యూనివర్సిటీకి న్యాక్ (కాలేజీల, యూనివర్సిటీల నాణ్యత చూసే సంస్థ) ఇచ్చిన గ్రేడు, ఇంకోటి బంగారు ముద్ర వేసిన "అంతర్జాతీయ గుర్తింపు". కుర్రాడు మర్యాదగా మంచినీళ్లిచ్చి మొదలెట్టాడు: "మేడమ్, ఎంఫిల్‌ని యూజీసీ ఎత్తేసింది, న్యూస్‌లో చూశారుగా? ఇక క్లినికల్ వైపు వెళ్లాలంటే డాక్టరేట్ ఒక్కటే దారి."

వాడు చెప్పిందాంట్లో మొదటి సగం నిజం. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలతో, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ, పీజీ తర్వాత చేసే ఎంఫిల్‌ డిగ్రీని ఆపేసింది. 2023 డిసెంబరులో ఎంఫిల్‌లో చేరొద్దని విద్యార్థులకి నోటీసు కూడా ఇచ్చింది. వాడు మింగేసిన రెండో సగం ఏంటంటే, ఆ నోటీసు వచ్చిన కొద్ది వారాలకే క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు గడువు పొడిగించారు. అంటే నేను ఆ కుర్చీలో కూర్చున్న రోజున ఆ దారి తెరిచే ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు మన పెద్దలు.

వాళ్లు చెప్పిన డాక్టరేట్‌కి ఫీజు మూడేళ్లకి 8,40,000. శని, ఆదివారాలు మాత్రమే క్లాసు. ఉద్యోగం మానక్కర్లేదు. ఇంటికొచ్చి లాంగ్ నోట్‌బుక్‌లో లెక్క వేశాను. ఒక పక్క వేరే రాష్ట్రంలో ఫుల్‌టైం కోర్సు: ఫీజు, హాస్టలు, రెండేళ్లు పోయే జీతం, మా చిన్నదాన్ని అమ్మ దగ్గర వదిలే బాధ. రెండో పక్క ఈ వీకెండ్ డాక్టరేట్. ఎలా చూసినా ఇదే చవకగా తేలింది. కూడికల్లో తప్పేం లేదు. "ఇది పూర్తయితే నా చేతికి ఏ రిజిస్ట్రేషన్ వస్తుంది?" అన్న గడి మాత్రం ఆ పేజీలో ఎక్కడా లేదు. చీటీ పాడి 2,00,000, అమ్మ గాజులు కుదువ పెట్టి 1,40,000 తెచ్చి మొదటి ఏడాది ఫీజు కట్టేశాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా "వెరిఫికేషన్‌కి" అంటే ఇచ్చేశాను. ఆ తెలివి గురించి మా ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు.

మొదటి నెల బాగానే ఉంది. తర్వాత చూస్తే రోర్షా పరీక్ష మొత్తం, ఆ పది సిరా మరకల కార్డులూ, రెండు గంటల జూమ్ క్లాసులో స్లైడ్ల మీద అయిపోయాయి. నేర్పిన మేడమ్ ఒక్క కేసు కూడా చూపించలేదు. "క్లినికల్ పోస్టింగ్" అంటే తాడేపల్లి వైపు ఒక వృద్ధాశ్రమంలో నాలుగు ఆదివారాలు. అక్కడ మేం 46 మందిమి ఫారాలు నింపాం, తాతయ్యలకి అరటిపళ్లు పంచాం, గ్రూపు ఫోటో దిగాం. పక్కన కూర్చుని "ఇలా అడగకు, అలా రాయకు" అని చెప్పినవాళ్లు లేరు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. అక్టోబరులో మా స్కూల్లో ఒక పిల్లాడికి నేనే ఐక్యూ పరీక్ష చేసి రిపోర్టు రాసి, కింద పేరు పక్కన "క్లినికల్ సైకాలజిస్ట్, ట్రైనీ" అని సంతకం పెట్టాను. వాళ్ల నాన్న దాన్ని గుంటూరులో ఒక హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. అక్కడి క్లినికల్ సైకాలజిస్ట్ నాకు ఫోన్ చేసి, ఏమాత్రం కోపం లేకుండా, "మీ సీఆర్‌ఆర్ నంబరు ఏంటమ్మా?" అన్నారు. నాకు ఆ మాటే కొత్త. "పోనీ ఎక్కడ ట్రైనీ, ఎవరి కింద?" అన్నారు. నేను యూనివర్సిటీ పేరు చెప్పాను. అవతల ఒక నిమిషం మాట లేదు. "రేపు ఖాళీ ఉంటే రామ్మా, మాట్లాడదాం" అన్నారు.

బస్సెక్కి వెళ్లాను. ఆ గంటలో ఆవిడ చెప్పింది కన్సల్టెన్సీ వాళ్లు ఐదు నెలల్లో చెప్పలేదు.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే పునరావాస మండలిలో, అంటే అందరూ ఆర్‌సీఐ అనే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, పేరు నమోదై ఉండాలి. అది 1992 నాటి చట్టం కింద పనిచేసే సంస్థ. వాళ్ల సెంట్రల్ రిజిస్టరులో మనకొచ్చే నంబరే సీఆర్‌ఆర్. అది లేకుండా ఆ వృత్తి చేస్తే 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. (వెయ్యి రూపాయలు విని నాకు నవ్వొచ్చింది, జైలు మాట విని ఆగిపోయింది.) 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్ట్ ఎవరో విడమర్చి చెప్పింది: ఆర్‌సీఐ ఆమోదించిన సంస్థ నుంచి గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ అర్హత, లేదా సైకాలజీ పీజీ మీద, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో రెండేళ్లు ఫుల్‌టైంగా చేసిన ఎంఫిల్. ఆ ఎంఫిల్ ఇచ్చే యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపూ, ఆర్‌సీఐ ఆమోదమూ రెండూ ఉండాలి.

ఇందులో చాలామందికి తట్టని ముక్క ఒకటుంది. పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీలో నిఖార్సైన పీహెచ్‌డీ సైకాలజీ చేసినా, ఆ ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. అది పరిశోధన డిగ్రీ. పాఠం చెప్పుకోవచ్చు, పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చు. రోగిని చూసి రోగనిర్ధారణ రిపోర్టు రాసే హక్కు రిజిస్ట్రేషన్‌తోనే వస్తుంది. వృత్తి కోసం చేసే డాక్టరేట్ వేరే ఉంది, సై.డి అంటారు, ఆర్‌సీఐ ఆమోదంతో నాలుగేళ్లు. నాకు అమ్మింది ఈ పేరే. ఆమోదం మాత్రం లేదు.

మరి ఆ న్యాక్ గ్రేడు? ఆ ఫ్రేము నిజమైనదే. కానీ న్యాక్ చూసేది మొత్తం సంస్థని. ఆర్‌సీఐ ఆమోదించేది ఫలానా సంస్థలో, ఫలానా కోర్సుని, ఇన్ని సీట్లకి, ఇన్నేళ్లకి అని. ఎ గ్రేడ్ ఉన్న యూనివర్సిటీలో ఆర్‌సీఐ ఆమోదం లేని కోర్సు ఉండొచ్చు. నిరుడు ఆమోదం ఉండి ఈ ఏడు గడువు అయిపోయి ఉండొచ్చు. ఐఎస్ఓ అసలు కోర్సుకి గుర్తింపే కాదు, బిస్కెట్ల ఫ్యాక్టరీకీ ఇస్తారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆయన రసీదు తెమ్మన్నాడు. ఆయనది ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. 800 రూపాయల బేరింగు కొన్నా డబ్బా మీద పార్టు నంబరు, బేరింగు మీద చెక్కిన నంబరు, బిల్లు మీద పేరు మూడూ కలుస్తున్నాయో లేదో చూస్తాడు, లేకపోతే డూప్లికేటని పక్కన పడేస్తాడు. రసీదు చూశాడు. "బోర్డు మీద యూనివర్సిటీ పేరుంది. డబ్బు పడింది ఏదో ఎడ్యుకేషనల్ సర్వీసెస్ ఖాతాలోకి. నువ్వు కొన్నది ఎవరి దగ్గరే?" అన్నాడు. ఆ రాత్రే యూనివర్సిటీ రిజిస్ట్రారుకి మెయిల్ పెట్టాను. తొమ్మిది రోజులకి జవాబొచ్చింది: మీ పేరు మా రికార్డుల్లో లేదు, విజయవాడలో మాకు స్టడీ సెంటరు లేదు.

కాబట్టి డబ్బు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైటులో మీరు చేరబోయే ఏడాదికి, ఆ ఊరి క్యాంపసుకి, ఆ కోర్సుకి ఆమోదం ఉందో లేదో మీ కళ్లతో చూడండి. వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చూడొద్దు. ఎంఫిల్ పొడిగింపు గడువు 2025-26తో సరి, కాబట్టి పాత బ్రోచర్లు నమ్మితే మునిగిపోతారు. యూజీసీ వెబ్‌సైటులో నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా చూడండి. అందులో గుంటూరు అడ్రసుతో కూడా ఒకటి ఉంది, ఇది ఎక్కడో ఢిల్లీలో జరిగే ముచ్చట అనుకోకండి. పాఠం చెప్పేవాళ్ల సీఆర్‌ఆర్ నంబర్లు అడగండి. పోస్టింగు ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు, ఎవరి పర్యవేక్షణలో అని అడిగి, ఆ ఆసుపత్రికే వెళ్లి కనుక్కోండి. నిజంగా శిక్షణ జరుగుతుంటే సైకియాట్రీ ఓపీ దగ్గర నర్సమ్మని అడిగినా చెబుతుంది.

"దూరవిద్యలో డాక్టరేట్", "ఆన్‌లైన్ పీహెచ్‌డీ" అంటే అక్కడే లేచి వచ్చేయండి. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీకి యూజీసీ ఒప్పుకోదు. విదేశీ సంస్థల పేరుతో ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలు చెల్లవని 2022 అక్టోబరులో నోటీసు ఇచ్చింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి అసలు సైకాలజీ కోర్సులనే దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదంది.

ఖర్చు సంగతికొస్తే, నేను "ఎవరు తక్కువ తీసుకుంటారు" అనే చూశాను. ఎదురు డబ్బులిచ్చే చోట్లు ఉన్నాయని ఆలోచించనే లేదు. పరిశోధనే మీ ఇష్టమైతే యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ కొడితే నెలకి 37,000 ఫెలోషిప్ వస్తుంది. క్లినికల్ వైపైతే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో సీటు కష్టం, ఎంట్రన్సు గట్టిది, కానీ అక్కడ ట్రైనీలకి స్టైపెండ్ ఉంటుంది. రెండేళ్లు చదివి రాసి సీటు తెచ్చుకున్నా నాకు పోయిన 3,40,000 కంటే తక్కువే అయ్యేది.

అమెరికా మాట కూడా చెప్పాలి, ఎందుకంటే గుంటూరు బ్రాడీపేటలో మా ఆడపడుచు కూతురికి ఇదే డాక్టరేట్ "ఏపీఏ గుర్తింపుతో, ఇంట్లో కూర్చుని" అని చూపించారు. ఏపీఏ అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్. వాళ్లు గుర్తింపు ఇచ్చేది అమెరికాలోని కోర్సులకే. పక్కనున్న కెనడా కోర్సులకి కూడా 2015లో ఆపేశారు, ఇక బెజవాడకేం ఇస్తారు? పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగే డాక్టరేట్‌కి వాళ్ల గుర్తింపు రాదు. నిజంగా అమెరికా వెళ్లే ఉద్దేశం ఉంటే ఇంకో తేడా తెలుసుకోండి. అక్కడ క్లినికల్ పీహెచ్‌డీల్లో చాలా వాటికి ట్యూషన్ మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, అందుకే సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. సై.డిలకి ఎక్కువగా మన జేబులోంచే కట్టాలి, పొలం అమ్మినా చాలనంత. ఏపీఏ గుర్తింపు లేని దాంట్లో చేరితే తర్వాత ఇంటర్న్‌షిప్ దగ్గర, రాష్ట్రాల లైసెన్సు దగ్గర ఇబ్బంది పడతారు. మా పిల్ల చేరలేదు. నా కథ విన్నాక ఎలా చేరుతుంది!

ఇప్పటికే కట్టేసినవాళ్లు: 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, మోసం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. గుర్తింపున్న సంస్థ అయితే మానేసిన తేదీని బట్టి ఎంత వెనక్కివ్వాలో యూజీసీ నిబంధనల్లో ఉంది, ఒరిజినల్స్ ఆపకూడదనీ ఉంది. నాకు దొరికింది సంస్థ కాదు, దళారి, కాబట్టి ఆ నిబంధన నాకు పనికిరాలేదు. లాయరు నోటీసు అందాక ఒరిజినల్స్ కొరియర్‌లో పంపారు, 90,000 చెక్కు ఇచ్చారు. మిగతాది గోడకి కొట్టిన సున్నమే అంటుంది అమ్మ. కేసు వేశాను, చూడాలి. మాతో చేరిన 46 మందిలో పదకొండు మంది నాకు తోడుగా వచ్చారు. మిగతావాళ్లలో కొందరు ఇంకా ఆదివారం క్లాసులకి వెళ్తున్నారు, రెండో ఏడాది ఫీజు కూడా కట్టారట.

ఆ పిల్లాడి నాన్న దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పి నా రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. గుంటూరులో ఆవిడే మళ్లీ పరీక్ష చేశారు. నేను రాసిన దానికీ ఆవిడ రాసిన దానికీ 14 పాయింట్ల తేడా వచ్చింది.