సోరియాసిస్‌కు లైట్ థెరపీయా, మెథోట్రెక్సేట్ మాత్రలా?

పూతమందులతో లొంగని సోరియాసిస్‌కు డాక్టర్లు తరచూ చెప్పేవి ఈ రెండు. లైట్ థెరపీలో 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఒంటిమీద పడేలా చేస్తారు. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలలపాటు ఆసుపత్రికి తిరగాలి. పల్లెల్లో ఉండేవాళ్లకు అదే పెద్ద టెన్షన్. కానీ గర్భిణులకూ ఇవ్వొచ్చు. జబ్బు చర్మానికే పరిమితమైతే నా మొగ్గు దీనివైపే.

మెథోట్రెక్సేట్ చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు. సోరియాసిస్ వల్ల కీళ్లు కూడా వాచి నొప్పి పెడుతుంటే కాంతితో అవి తగ్గవు, ఈ మాత్ర పనిచేస్తుంది. అయితే వారానికి ఒక్కరోజే! పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఆ రోజు పేరు మందుల చీటీ మీద పెద్దగా రాయించుకోండి. మద్యం మానాలి, రక్తపరీక్షలు, లివర్ పరీక్షలు తప్పవు. గర్భిణులు అసలు వాడకూడదు.