ఐరిష్ ఓక్, షెర్రీ పీపా: ఒకే ఊరి విస్కీకి రెండు ముగింపులు

ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో, మిడిల్టన్ డిస్టిలరీలో తయారయ్యే రెండు పాట్ స్టిల్ (రాగి బట్టీలో కాచే) విస్కీలను పక్కపక్కన పెట్టి రుచి చూస్తే పీపా కలప ఎంత పని చేస్తుందో స్పష్టమవుతుంది. మొలకెత్తించిన బార్లీనీ, మొలకెత్తించని బార్లీనీ కలిపి పులియబెట్టి, రాగి బట్టీలలో మూడుసార్లు స్వేదనం చేయడం రెండింటికీ సమానమే; నాలుకను పట్టుకునే చిక్కదనమూ మిరియపు ఘాటూ అక్కడివే.

మొదటిదైన రెడ్‌బ్రెస్ట్ లుస్తావ్ ఎడిషన్ (46 శాతం ఆల్కహాల్) పీపాలలో ఊరే కాలంలో చివరి ఏడాదిని ఒలోరోసో అనే స్పెయిన్ షెర్రీ (ఘాటైన ద్రాక్ష మద్యం) పీపాలలో గడుపుతుంది. కిస్‌మిస్, అంజీర్, బాదం రుచులు మొదటి గుక్కలోనే అందుతాయి.

రెండోదైన దార్ గ్వేలక్ అంత తొందరగా లొంగదు. ఐరిష్ భాషలో ఈ పేరుకు ఐర్లండ్ ఓక్ చెట్టు అని అర్థం. 2015 నాటి తొలి విడుదల కోసం కిల్కెన్నీ కౌంటీలోని గ్రిన్సెల్స్ వుడ్‌లో పది చెట్లు కొట్టి, దుంగలను స్పెయిన్‌కు పంపి, అక్కడ కోసి ఆరబెట్టి పీపాలు కట్టించారు. ఏ సీసాలోని విస్కీ ఏ చెట్టు కలపలో ఊరిందో చెప్పగలగడం నాకెంతో గౌరవప్రదంగా తోస్తుంది. అంతకుముందు ఏ మద్యమూ నింపని కొత్త కలప గనుక వెనిల్లా, లవంగం, కాల్చిన చెక్క వాసన, చివర్లో కాస్త వగరు వస్తాయి. 58 శాతం దరిదాపుల్లో ఉండే ఈ విస్కీలో కొన్ని నీటిచుక్కలు కలిపి పది నిమిషాలు ఆగాలి. అప్పుడే బార్లీ తీపి పైకి తేలుతుంది. సులువైన ఆనందానికి లుస్తావ్‌నే ఎంచుకుంటాను గాని, గుర్తుండిపోయేది మాత్రం దార్ గ్వేలకే.