కొండ అదే, కుందేలు లేదు: టియానాస్ బయూ అడ్వెంచర్ రివ్యూ

ఈ రైడ్ గురించి నలుగురు ఫ్యాన్స్ కలిస్తే రెండు పార్టీలు అయిపోతాయి, మా ఇంట్లోనే అయిపోయాయి. మా బావది స్ప్లాష్ మౌంటెన్ పార్టీ, మా పాపది టియానా పార్టీ, నేను గోడ మీద పిల్లి. 2015లో బావా నేనూ ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ పార్క్ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఆ పాత రైడ్ ఒకే రోజు మూడుసార్లు ఎక్కాం, మూడోసారికి బూట్లలో నీళ్ళు పిచికిపిచికిమంటున్నా మళ్ళీ లైన్‌లో నిలబడ్డాం. ఈసారి అదే కొండ, పేరు మాత్రం టియానాస్ బయూ అడ్వెంచర్, బయూ అంటే చిత్తడి నేలల్లో మెల్లగా పారే కాలవ. ఎనిమిదేళ్ళ పాప మా ఇద్దరి మధ్య చేతులు ఊపుకుంటూ నడుస్తుంటే బావ మొహం మాత్రం పుట్టిల్లు అమ్మేసినట్టు ఉంది.

తెలియనివాళ్ళకి కొంచెం వెనక కథ చెప్తా. స్ప్లాష్ మౌంటెన్ మొదట 1989లో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో వచ్చింది, 1992లో ఫ్లోరిడాలో, టోక్యోలో కట్టారు. దుంగ లాంటి పడవలో కూర్చుంటే కాలవలో మెల్లగా తిప్పి తిప్పి చివర్లో 50 అడుగుల పైనుంచి దబ్బున కిందకి వదులుతారు. కథేమో బ్రేర్ ర్యాబిట్ అనే జిత్తులమారి కుందేలుది, నక్కా ఎలుగుబంటీ కలిసి పట్టుకుంటే నన్నేమైనా చెయ్యండి గానీ ఆ ముళ్ళపొదలో మాత్రం పడెయ్యొద్దు బాబోయ్ అని ఏడుస్తుంది, వాళ్ళు కావాలని అందులోనే పడేస్తారు, అది పుట్టి పెరిగిందే ముళ్ళపొదలో కాబట్టి హాయిగా తప్పించుకుంటుంది. మన పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన కుందేలుకి కజిన్ అనుకోండి. ఆ చివరి డ్రాపే ముళ్ళపొదలోకి విసిరెయ్యడం అన్నమాట, అంటే పడేది కుందేలు కాదు, మనమే.

కుందేలు కథలు నిజానికి అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివాళ్ళు నోటి మాటగా చెప్పుకున్నవి, గొడవ వాటి గురించి కాదు. రైడ్ వాటిని 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ అనే డిస్నీ సినిమా నుంచి తీసుకుంది, అందులో ఆ కాలపు తోటల బతుకుని మరీ తీపిగా, అందరూ ఆనందంగా ఉన్నట్టు చూపించారని వచ్చినప్పటి నుంచే విమర్శలు. అమెరికాలో ఆ సినిమాని డిస్నీ ఎప్పుడూ వీడియోగా అమ్మలేదు, డిస్నీ ప్లస్‌లో కూడా పెట్టలేదు. సినిమాని బీరువాలో పెట్టి తాళం వేసి దాని పాటలేమో రోజంతా కొండ మీద మోగించేవాళ్ళు, ఇదెక్కడి లాజిక్కో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు. 2020 జూన్‌లో మార్చేస్తున్నాం అన్నారు, బదులుగా వచ్చింది 2009 సినిమా ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్, అందులో టియానా డిస్నీకి మొదటి నల్లజాతి ప్రిన్సెస్. అటు పిటిషన్లు, ఇటు పిటిషన్లు. ఫ్లోరిడాలో ఆఖరి రోజు 2023 జనవరి 22, ఆ తర్వాత కొంతమంది రైడ్ నీళ్ళని సీసాల్లో పట్టి ఈబేలో అమ్మకానికి పెట్టారు, నేను అబద్ధం చెప్పట్లేదు, కాశీ నుంచి గంగ చెంబు తెచ్చినట్టు!

సరే రైడ్ విషయానికి వద్దాం. క్యూ బాగుంది, చాలా బాగుంది. టియానా ఇప్పుడు ఉప్పు గని ఉన్న దిబ్బ మీద పనివాళ్ళే ఓనర్లుగా ఒక ఫుడ్ కోఆపరేటివ్ నడుపుతోంది, ఆ కథంతా గోడల మీద పేపర్ కటింగుల్లో, రేడియోలో, వంటగది సామాన్లలో చెప్తారు. ఫ్యాన్స్ వెక్కిరించేది కూడా ఇదే, కొండెక్కి థ్రిల్ కోసం వస్తే కంపెనీ చరిత్ర చెప్తారేంటి అని. బావ అయితే "ఇది రైడా, చాంబర్ ఆఫ్ కామర్స్ మీటింగా" అన్నాడు. పాపకి ఇవేం పట్టవు, ఎక్కడెక్కడ కప్ప బొమ్మ ఉందో వెతుక్కుంటోంది.

పడవలో వరసకి ఇద్దరు. టియానా కనిపించి మార్డి గ్రా పండగ పార్టీకి బ్యాండ్‌వాళ్ళు తక్కువయ్యారు, వెతికిపెట్టండి అంటుంది, అక్కడి నుంచి బయూలో వాయించే జంతువులని వెతుక్కుంటూ పోతాం. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఈ బొమ్మల పనితనం ముందు పాతవి నిలబడవు. టియానా భుజం తిప్పి మన వైపు చూసినప్పుడు ముఖంలో కండరాలు నిజంగా కదులుతాయి, పెదాలు మాటతో కలుస్తాయి, పక్కన లూయిస్ మొసలి ఒళ్ళంతా ఊపుతుంటాడు. పాప "హాయ్ టియానా" అని సీరియస్‌గా పలకరించింది, జవాబు వస్తుందేమో అని వెనక్కి తిరిగి కూడా చూసింది. తర్వాత సినిమాలోని మంత్రాల ముసలమ్మ మామా ఓడీ మనల్ని కప్ప సైజుకి చిన్నవాళ్ళని చేసేస్తుంది, మిణుగురులు, పెద్ద పెద్ద ఆకులు, వాయించే కప్పలు, చీకట్లో ఆ వెలుగు చాలా అందంగా ఉంది.

నా కంప్లైంట్ ఆ తర్వాత మొదలవుద్ది. పాత రైడ్‌లో ఈ టైమ్‌కి రంగు మారిపోయేది, పాట స్లో అయ్యేది, నక్క కుందేలుని కట్టేసి ఉండేది, పైకెక్కే దారి మీద రెండు రాబందులు కూర్చుని మనల్నే ఎకసెక్కాలాడేవి. ఆ గొలుసు టకటకటకమంటూ లాగుతుంటే అయిపోయాం రా అనిపించేది. కొత్తదాంట్లో మామా ఓడీ మీ పని బాగా చేశారు, మళ్ళీ మామూలు సైజుకి తెస్తాలే అంటుంది, అంతే, మెచ్చుకుని 50 అడుగుల నుంచి తోసేస్తారు. ఎందుకు పడుతున్నాం? తప్పేం చేశాం? ట్రాక్ అదే, నీళ్ళవే, కడుపులో జిల్లుమనేదీ అదే, కానీ పడడానికి కారణం మాయమైపోయింది.

సినిమాలో విలన్ డాక్టర్ ఫసిలియర్‌ని పెట్టుంటే సరిపోయేది అని చాలామంది అంటారు, నేనూ అంటాను. ఇది సినిమా అయిపోయిన తర్వాత జరిగే కథ, వాణ్ణి సినిమాలోనే నీడలు లాక్కుపోయాయి కదా అని రెండో పార్టీ వాదన. "నీడగా తెస్తే సరిపోద్ది బామ్మర్దీ, మన సినిమాల్లో చచ్చినోళ్ళు ఎంతమంది తిరిగి రాలేదు" అంటాడు బావ, ఈ ఒక్క మాటలో మాత్రం నేను పూర్తిగా ఆయన పార్టీయే.

ఇంకో గోల ఏంటంటే ఫ్లోరిడాలో ఇది ఉన్నది ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో, కౌబాయ్ ఊళ్ళో టియానా ఊరు న్యూ ఆర్లీన్స్ ఏంటి అని. నిజమే, అక్కడ కొంచెం అతికించినట్టే ఉంది. కాలిఫోర్నియాలో ఆ బాధ లేదు, పక్కనే న్యూ ఆర్లీన్స్ స్క్వేర్, 2024 నవంబర్‌లో రైడ్ తెరిచినప్పుడు చుట్టుపక్కల ఏరియాకి బయూ కంట్రీ అని పేరే మార్చేశారు.

కానీ పాతది ఆకాశం నుంచి ఊడిపడ్డ ఒరిజినల్ అన్నట్టు మాట్లాడితే ఊరుకోను. డిస్నీ రైడ్లు డిజైన్ చేసే టోనీ బాక్స్‌టర్ దాన్ని 1983లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఊహించాడట, డిస్నీలాండ్ రైడ్‌లో బొమ్మలు చాలావరకు మూతపడ్డ అమెరికా సింగ్స్ అనే షో నుంచి తెచ్చి వాడినవే, పేరు కూడా 1984లో వచ్చిన స్ప్లాష్ సినిమా పుణ్యమే. అంటే క్లాసిక్ అంటున్నదే పాత సామాన్లతో చేసిన రీమోడలింగ్. ఆ టోనీ బాక్స్‌టరే కొత్తదానికి సలహాదారుగా కూర్చున్నాడు. ఇది చెప్తే బావ టాపిక్ మార్చి మిస్టర్ టోడ్ అనే కప్ప రైడ్ దగ్గరికి పోతాడు, 1998లో దాన్ని ఫ్లోరిడా పార్క్‌లోనే మూసేస్తుంటే ఫ్యాన్స్ వచ్చి నిరసన చేశారు, అయినా మూసేసి విన్నీ ది పూ పెట్టారు. ఆ పూ రైడ్ లోపల మిస్టర్ టోడ్ గుడ్లగూబకి ఇంటి దస్తావేజు అప్పజెప్తున్న ఫోటో ఒకటి ఉంటుంది, చూడండి ఎంత ముచ్చటగా ఉంటుందో. టియానా కొండలో కూడా కుందేలు చేత అలాంటి ఓ కాగితం మీద సంతకం పెట్టించుంటే సగం మంది కోపం చల్లారేది.

చివరి పార్టీ సీన్ గురించి రెండు ముక్కలు. డ్రాప్ తర్వాత తడిసి ముద్దై లోపలికి వెళ్తే అందరూ కలిసి కొత్త పాట స్పెషల్ స్పైస్ పాడుతుంటారు, టియానాకి సినిమాలో గొంతిచ్చిన అనికా నోనీ రోజే ఇక్కడా పాడింది. హుషారుగానే ఉంది. పాతదాంట్లో జిపడీడూడా పాట వారం రోజులు నోట్లోంచి పోయేది కాదు, ఇది పార్కింగ్ దాకా ఉంది నాకు, పాపకి మాత్రం ఇంకా పోలేదు.

ఎక్కాలా అంటే తప్పకుండా ఎక్కండి, 40 అంగుళాల ఎత్తు ఉన్న పిల్లలు ఎవరైనా ఎక్కొచ్చు, తడవడం ఇష్టం లేకపోతే ముందు వరస మాత్రం తీసుకోకండి, ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. పాతది చూడనివాళ్ళకి ఐదుకి నాలుగున్నర, చూసినవాళ్ళకి మూడున్నర, ఆ తేడా ఒక్కటీ రాబందుల ఖాతాలో రాసుకోండి.

టోక్యోలో స్ప్లాష్ మౌంటెన్ అలాగే ఉంది, కుందేలు, నక్క, ముళ్ళపొద అన్నీ, మాటలు జపనీస్‌లో అంతే. బావ ఇప్పుడు రాత్రిళ్ళు ఫ్లైట్ రేట్లు చూస్తున్నాడు, అక్కకి ఇంకా చెప్పలేదు.