మిసో సూప్‌కి ఏ దాషీ కొనాలి: పొడా, సంచులా, కొంబూనా?

విదేశంలో ఉంటూ జపనీస్ ఇంటి వంట రోజువారీగా చేసుకుందామనుకునేవాళ్లు ముందు కొనాల్సింది సోయా సాస్ కాదు, సుషీ చుట్టే చాప అంతకంటే కాదు. దాషీ. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, ఉదోన్ అనే లావు నూడుల్స్, ఉడికించిన కూరగాయలు, చుట్టిన ఆమ్లెట్, వీటన్నిటికీ ప్రాణం ఈ పల్చటి రసమే. లండన్‌లోనో డల్లాస్‌లోనో జపనీస్ సరుకుల కొట్టుకి వెళ్తే ఇది మూడు రూపాల్లో దొరుకుతుంది.

అన్నిటికంటే సులువైనది అజినొమోటో వారి హోన్‌దాషి పొడి. 600 మి.లీ. వేడి నీళ్లకి ఒక టీస్పూను వేస్తే నలుగురి సూప్‌కి సరిపోతుంది. రుచి నిలకడగా ఉంటుంది, వాసన కాస్త మొరటు. ఇందులో బొనీటో చేపతో పాటు ఉప్పూ అజినొమోటో దండిగానే ఉంటాయి. అందుకే పొడి వేశాక మిసో కూడా మామూలు కొలతలోనే కలిపితే సూప్ ఉప్పుకషాయం అవుతుంది. మిసో పావు వంతు తగ్గించి, రుచి చూసి పెంచుకోండి. ఇంకో మాట: ప్యాకెట్‌ని ఆవిరొచ్చే గిన్నె మీద వంపకండి, పొడి గడ్డకడుతుంది.

కయనోయా అనే బ్రాండు దాషీ సంచులు టీ బ్యాగుల్లా ఉంటాయి, ఒక్కోటి 8 గ్రాములు. 400 మి.లీ. నీళ్లలో వేసి, మరుగు వచ్చాక మధ్యస్థ మంట మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి తీసేయాలి. మర్చిపోయి వదిలేస్తే నీచు తేలుతుంది. ఉప్పు ఇందులోనూ ఉంది. రుచికి వంక లేదు గానీ, రోజూ వాడాలంటే ధర గుచ్చుకుంటుంది.

మా ఓటు కొంబుకి. ఎండబెట్టిన ఈ సముద్రపు నాచు నుంచే 1908లో కికునాయె ఇకెదా గ్లుటమేట్‌ని వేరు చేసి, అదిచ్చే రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. లీటరు నీళ్లకి 10 గ్రాములు చాలు. మీద కనిపించే తెల్లటి పొడిని బూజనుకుని కడిగేస్తారు చాలామంది, రుచిలో కొంత దానితోనే పోతుంది. చన్నీళ్లలో అరగంట నాననిచ్చి సన్న మంట పెట్టండి. గిన్నె అంచుల వెంట చిన్న చిన్న బుడగలు లేస్తుంటే కొంబు తీసేయాలి. మరగనిస్తే రసం జిగటెక్కుతుంది, నాచు వాసన కొడుతుంది. ఈ కాపలా వద్దనుకుంటే రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టి వదిలేయండి, పొద్దునకి దాషీ సిద్ధం.

ఇన్ని చేసినా లండన్‌లో రసం చప్పగా వస్తే తప్పు కొంబుది కాదు, కుళాయిది. కెటిల్ అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది కొంబులోని ఆల్జినిక్ ఆమ్లంతో కలిసి రుచిని బయటికి రానివ్వదు. వోల్విక్ లాంటి ఖనిజాలు తక్కువున్న సీసా నీళ్లతో ఒకసారి చేసి చూడండి, తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

చేప తినేవాళ్లు కొంబు తీశాక రసాన్ని ఒక పొంగు రానిచ్చి, స్టవ్ ఆపి, లీటరుకి 20 గ్రాముల కట్సువోబుషి (ఎండిన బొనీటో చేప రేకులు) వేసి, రెండు నిమిషాల్లో వడకట్టుకోవాలి. పిండితే చేదు దిగుతుంది. శాకాహారులు దాని బదులు అర లీటరుకి మూడు నాలుగు ఎండు షిటాకే పుట్టగొడుగులు చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు కలుపుకోవచ్చు. రెస్టారెంట్లలో టోఫూ తేలుతోంది కదా అని మిసో సూప్‌ని వెజ్ అనుకోకండి, అడుగున దాదాపు ఎప్పుడూ చేప దాషీయే. కొన్ని మిసో డబ్బాల్లో కూడా దాషీ ముందే కలిపి ఉంటుంది. లేబుల్ మీద బొనీటో అన్న మాట కోసం వెతకండి. థైరాయిడ్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగాకే కొంబు కొనాలి, అయోడిన్ చాలా ఎక్కువ.

ఇక సూప్. ఒక్కో గిన్నెకి 180 మి.లీ. దాషీ, ఒక టేబుల్‌స్పూను మిసో. చారుని ఒక పొంగు రాగానే దించేస్తాం కదా, ఇక్కడ అంతకంటే తొందరగా ఉండాలి: టోఫూ ఉడికాక మంట ఆపేసి, గరిటెలో కాస్త రసం తీసుకుని అందులోనే మిసో కరిగించి కలపాలి. నేరుగా గిన్నెలో వేస్తే ఉండలు అడుగున కూర్చుంటాయి. మళ్లీ మరిగిస్తే వాసన ఎగిరిపోతుంది. సూప్‌లో వేసే ఎండు వకామే నాచు నీళ్లలో పది రెట్లు ఉబ్బుతుంది కాబట్టి చిటికెడే వేయండి.

వాడిన కొంబుని పారేయకుండా ఫ్రీజర్‌లో దాచండి. 100 గ్రాములు పోగయ్యాక సన్నగా తరిగి, మునిగేదాకా నీళ్లు పోసి, మెత్తబడటానికి ఒక టీస్పూను వెనిగర్ వేసి ఉడికించాలి. తర్వాత రెండు టేబుల్‌స్పూన్ల సోయా సాస్, ఒక టేబుల్‌స్పూను మిరిన్ (వంటకి వాడే తియ్యటి బియ్యపు సారా) పోసి తడి ఆరేదాకా దగ్గరకి రానివ్వండి. జపాన్‌లో దీన్ని వేడి అన్నంతో తింటారు. పెరుగన్నంలోకీ అదిరిపోతుంది.