స్ప్రింగ్ ట్రైనింగ్ మ్యాచ్‌కి ఏది మేలు: టాంపానా, బ్రాడెంటనా?

ఫిబ్రవరి నెలాఖరు రాగానే, అమెరికా బేస్‌బాల్ జట్లు సీజన్‌కి ముందు ఫ్లోరిడాలో సన్నాహక మ్యాచ్‌లు ఆడే స్ప్రింగ్ ట్రైనింగ్ వేళ, టాంపాలో ఉండే మా బోటి వాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్, ఓర్లాండో వస్తున్నాం. ఒక రోజు బేస్‌బాల్‌కి పెట్టుకున్నాం. టాంపాలో న్యూయార్క్ యాంకీస్ జట్టుని చూడమంటారా, బ్రాడెంటన్‌లో ఆ పాత స్టేడియానికి వెళ్లమంటారా?" అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు టాంపా సంగతి. యాంకీస్ స్ప్రింగ్ మైదానం స్టెయిన్‌బ్రెన్నర్ ఫీల్డ్ 1996లో మొదలైంది, దాదాపు 11,000 మంది పడతారు. ఎయిర్‌పోర్టుకి దగ్గర, డేల్ మేబ్రీ హైవే మీదే ఉంటుంది. మైదానం కొలతలు న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం కొలతలే. హరికేన్ మిల్టన్‌కి తన సొంత స్టేడియం ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు ఎగిరిపోయాక, 2025లో టాంపా బే రేస్ జట్టు తన హోమ్ మ్యాచ్‌లు ఇక్కడే ఆడింది. అంటే సౌకర్యాల విషయంలో మేజర్ లీగ్ (అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్) స్థాయికి తీసిపోదు. మీ అబ్బాయి యాంకీస్ స్టార్ ఆరన్ జడ్జ్ టీషర్ట్ వేసుకునే నిద్రపోయే రకమైతే ఇంక ఆలోచించకండి, టాంపాకే వెళ్లండి. యాంకీస్ బ్రాడెంటన్ వచ్చి ఆడే రోజు చూసుకుందాంలే అనుకోవద్దు. స్ప్రింగ్‌లో పెద్ద స్టార్లు చాలావరకు సొంత మైదానంలోనే ఆడతారు, బయటి ఊళ్లకు బస్సెక్కేది ఎక్కువగా కుర్రాళ్లే.

అలాంటి పట్టుదల ఏమీ లేకపోతే మాత్రం నా ఓటు బ్రాడెంటన్‌కే.

అక్కడి పాత స్టేడియం, లెకామ్ పార్క్, 1923 నాటిది. మేజర్ లీగ్ జట్లు వాడుతున్న మైదానాల్లో ఇంతకంటే పాతవి బోస్టన్‌లోని ఫెన్‌వే (1912), షికాగోలోని రిగ్లీ (1914), ఆ రెండే. స్ప్రింగ్ ట్రైనింగ్ స్టేడియాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. చాలాకాలం దీన్ని మెకెక్నీ ఫీల్డ్ అనేవారు. 1925లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ని, 1940లో సిన్సినాటి రెడ్స్‌ని వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిపించిన మేనేజర్ బిల్ మెకెక్నీ పేరు అది. పాత అభిమానులు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. 1954 వసంతంలో తర్వాత దిగ్గజమైన ఇరవై ఏళ్ల హాంక్ ఆరన్ మిల్వాకీ బ్రేవ్స్ జట్టులో చోటు సంపాదించుకున్నది ఇక్కడి క్యాంపులోనే. మైదానంలో జట్టుతో కలిసి ఆడిన ఆ కుర్రాడిని, నల్లవాడైనందుకు, జట్టు దిగిన హోటల్లో ఉండనివ్వని రోజులవి. 1969 నుంచి ఇది పైరేట్స్ స్ప్రింగ్ మైదానం. ఆ జట్టు దిగ్గజం రాబర్టో క్లెమెంటే చివరి వసంతాలు ఇక్కడే గడిచాయి.

మనవాళ్లకు ఇంకో ముచ్చట. 2008 చివర్లో పైరేట్స్ ఒప్పందం రాసుకున్న రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ జావెలిన్ కుర్రాళ్లు. ప్రొఫెషనల్ ఆటలో వాళ్లు ఓనమాలు దిద్దుకున్నది ఈ ఊళ్లోని పైరేట్స్ శిక్షణ కేంద్రంలోనే. మేజర్ లీగ్ దాకా వెళ్లలేకపోయినా, అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయులు వాళ్లే.

అయితే చరిత్ర కోసమే అంత దూరం వెళ్లమని చెప్పను. నా లెక్కలో అసలు తేల్చే విషయం వేరే ఉంది. స్ప్రింగ్ మ్యాచ్‌లో గెలుపోటములకు విలువ లేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి స్కోరు సమమైతే చాలాసార్లు అంతటితో ఆపేసి ఇంటికి పోతారు. మార్చి మొదట్లో స్టార్టింగ్ పిచర్ (మ్యాచ్ మొదట్లో బంతి విసిరేవాడు) రెండు మూడు ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోతాడు. పేరున్న బ్యాటర్లు రెండు మూడు సార్లు బ్యాటింగ్ చేసి తప్పుకుంటారు. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి మైదానంలో ఎనభైలు, తొంభైల నంబర్ల జెర్సీలే, అంటే జట్టులో ఇంకా చోటు ఖాయం కాని కుర్రాళ్లే. పెద్ద స్టేడియంలో ఆ సమయానికి జనం లేచి కార్ల వైపు నడుస్తుంటారు, మిగతా ఆట ఎవరికీ పట్టదు.

బ్రాడెంటన్‌లో సరిగ్గా ఆ భాగమే బాగుంటుంది. మొత్తం ఎనిమిది వేల చిల్లర సీట్లు. కింది వరసల్లో కూర్చుంటే క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు, అంపైర్ పిలుపు, డగౌట్‌లోంచి తోటివాళ్లు వేసే కేకలు చెవిన పడతాయి. ఆ తొంభై నంబర్ కుర్రాడికి ఇది ఎగ్జిబిషన్ మ్యాచ్ కాదు, ఉద్యోగం. కోచ్ కంట్లో పడటానికి రోజుకు ఒక్క అవకాశమే రావచ్చు. ఆ టెన్షన్ అతని ముఖంలో కనిపించేంత దగ్గర నుంచి చూస్తాం. పెళ్లికి ముందు రోజు పెళ్లివారింటికి వెళ్లినట్టుంటుంది: ముహూర్తం హడావిడి ఉండదు, అందరూ మన పక్కనే తిరుగుతుంటారు. 2024 మార్చిలో పైరేట్స్ క్యాంపులో ఉన్న పిచర్ పాల్ స్కీన్స్ కూడా అప్పటికి మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఆ ఏడాదే నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. స్టేడియం ఇళ్ల మధ్యలో ఉంది, విశాలమైన పార్కింగ్ లాట్ అంటూ లేదు. చుట్టుపక్కలవాళ్లు తమ పెరళ్లలో, ఖాళీ స్థలాల్లో డబ్బులు తీసుకుని కార్లు పెట్టనిస్తారు. చేతిలో కొంత క్యాష్ ఉంచుకుని, గంట ముందే చేరండి. మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌లే ఎక్కువ. ఫ్లోరిడా ఎండ మార్చిలోనే మాడ్చేస్తుంది. పెద్దవాళ్లను వెంట తెస్తుంటే కింది వరసలు వద్దు, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక పైకప్పు కింద సీట్లు చూడండి. ఆటగాళ్లకు కొంచెం దూరమవుతారు, అయినా అంత చిన్న స్టేడియంలో అది పెద్ద దూరం కాదు. 2008లో ఫ్లడ్‌లైట్లు పెట్టారు కాబట్టి రాత్రి మ్యాచ్ ఏదైనా ఉంటే ఇంకా మంచిది. టాంపా నుంచి గంట, ఓర్లాండో నుంచి సుమారు రెండు గంటల డ్రైవ్.

మిగతావి క్లుప్తంగా. క్లియర్‌వాటర్‌లో ఫిలడెల్ఫియా ఫిలీస్ స్టేడియం 2004లో మొదలైంది, గడ్డి గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, చిన్న పిల్లలకు బాగుంటుంది. లేక్‌లాండ్‌లో డెట్రాయిట్ టైగర్స్ 1934 నుంచీ ఉన్నారు, ఓర్లాండో నుంచి టాంపా వచ్చే దారిలోనే తగులుతుంది కాబట్టి టైం తక్కువున్నవాళ్లకు పర్వాలేదు. ఫోర్ట్ మయర్స్ మరీ దూరం, అక్కడ ఆడే బోస్టన్ రెడ్ సాక్స్ అభిమానులైతేనే.

సెలవులు కుదరక ఏప్రిల్‌లో వచ్చేవాళ్లు నిరాశపడక్కర్లేదు. పైరేట్స్ ఉత్తరానికి వెళ్లిపోయాక, వాళ్ల సింగిల్-ఎ జట్టు (మేజర్ లీగ్‌కి కింది మెట్లలో ఒకదానిలో ఆడే కుర్రాళ్ల జట్టు) బ్రాడెంటన్ మారాడర్స్ అదే లెకామ్ పార్క్‌లో ఆడుతుంది. మార్చిలో ఆరో ఇన్నింగ్స్‌లో దిగిన కుర్రాళ్లు కొందరు అక్కడ మొదటి ఇన్నింగ్స్ నుంచే కనిపిస్తారు.